రంగమ్మ ఒక్కపొద్దు

బాగలూరు దగ్గర రంగమ్మ తోటలో పూలబేరం ఎప్పుడూ కంచె బయటే జరిగేది. తెల్లవారి ఆమె పన్నీరు రోజాలు కోసి గంపలకెత్తితే, వ్యాపారి మారియప్ప రోడ్డు మీదే నిలబడి "హోసూరులో రేటు పడిపోయిందమ్మా" అనేవాడు. ఆ మాట లోపల అనడానికి లేదు. ఆ తోటలో ఎవరైనా అబద్ధమాడితే విచ్చిన రోజాలు ముడుచుకుంటాయి. మళ్లీ విచ్చేది మర్నాటికే. వానకు తడుస్తాము, ఎండకు ఎండుతాము అన్నట్టే ఊరివాళ్లు దాన్నీ తీసుకున్నారు.

రంగమ్మ అబద్ధమాడే మనిషి కాదు. అయితే చెప్పని సంగతి ఒకటి ఉంది. చివరి కాన్పు కష్టమై, అప్పటినుంచి దొడ్డికి ఆపుకునే పట్టు తగ్గింది. యాభై దాటాక అదీ తప్పింది. అందుకని బస్సెక్కే రోజు, పెళ్లికి పోయే రోజు పచ్చి గంగ కూడా ముట్టేది కాదు. ఊరివాళ్లు దాన్ని మారెమ్మ ఒక్కపొద్దు అనుకున్నారు. "ఎంత నిష్ఠో!" అని దండం పెట్టారు. ఆమె కాదనలేదు. చేయని పుణ్యానికి దండాలు తీసుకోవడం కూడా దొంగతనమే. రోజాలు మాటను పట్టుకుంటాయి కానీ, మౌనాన్ని పట్టుకోలేవు.

ఒకరోజు కోడలు మధుమిత తోటలోనే అడిగింది. "ఏమత్తా, ఊరికే చీరలు ఉతుకుతా ఉండావు, ఒంట్లో బాగుండాదా?"

"నాకేమే, గుండ్రాయి మాదిరి ఉండాను."

రెండు సాళ్ల రోజాలు ముడుచుకున్నాయి. మధుమిత వాటిని చూసి గంప దించింది. "పద హోసూరికి."

ఆసుపత్రిలో డాక్టరమ్మ రంగమ్మ చీలమండకు కొంచెం పైన సన్నటి సూది గుచ్చి, చిన్న మిషన్‌తో కరెంటు ఇచ్చింది. బొటనవేలు దానంతటదే వంగింది. అరికాలు జివ్వుమంది.

"రోగం యాడనో ఉంటే కాలికి పెడతావేందమ్మా?"

"ఈ నరమూ, ఆపుకునే పని చేసే నరాలూ నడుం కింద ఒకేచోట కలుస్తాయి. ఇక్కడ తడితే అక్కడ మేలుకుంటుంది. అందరికీ పనిచేస్తుందని చెప్పలేను. వారం వారం రావాలి."

"మా మారియప్ప మాదిరే. ఈడ అరిస్తే ఆడ సంతలో రేటు మారుతాది."

రంగమ్మ ఒక్క శుక్రవారం తప్పలేదు. మెల్లమెల్లగా, "ఉండు" అంటే ఒళ్లు ఉండసాగింది. రాగిముద్ద తినే బస్సెక్కింది.

మారెమ్మ పండగ ముందు ఊరిపెద్ద ఈశ్వరప్ప, భార్య కాళమ్మతో కలిసి తోటకు వచ్చాడు.

"ఈ తూరి కరగం నువ్వే ఎత్తాలమ్మా. ఇన్నేండ్లు ఒక్కపొద్దులు ఉండినదానివి. నీకంటే తగినవాళ్లు ఎవరుండారు?"

అమ్మవారి పూలకుండ, ఆ కరగాన్ని తలమీద పెట్టుకుని ఊరంతా తిరగాలని ఆమెకు చిన్ననాటి ఆశ. ఇప్పుడు ఒళ్లూ మాట వింటోంది. ఊరికే తల ఊపితే చాలు, పూలేమీ ముడుచుకోవు. రంగమ్మ తల ఊపలేదు.

"అది ఒక్కపొద్దు కాదప్పా. నాకు దొడ్డికి నిలిచేది కాదు. దారిలో మానం పోతాదని కడుపు మాడ్చుకున్నాను. హోసూరులో కాలికి కరెంటు పెట్టించుకున్నాను, ఇప్పుడు నిలుస్తా ఉండాది. మీరు పెట్టిన దండాలు నావి కావు. ఇది తెలిసి ఎత్తమంటే ఎత్తుతాను."

ఒక్క రేకు కదలలేదు. ఈశ్వరప్ప మీసం సవరించుకున్నాడు. కాళమ్మ మాత్రం ముక్కున వేలేసుకుంది.

"సీ సీ! ఇట్లాంటి ఆమె కరగం ఎత్తేదా? ఈ మాదిరి రోగం ఉంటాదని నేను విననే లేదు!"

ఆమె కాళ్లదగ్గర మొదలై బావిగట్టు దాకా రోజాలన్నీ ముడుచుకున్నాయి.

ఈశ్వరప్ప పూలను చూశాడు, భార్యను చూశాడు. మోకాళ్ల నొప్పని చెప్పి ఆమె ఏ పెళ్లికీ రాకుండా ఇన్నేండ్లు ఇంట్లోనే ఎందుకు ఉండిపోయిందో అతనికి ఒక్కసారిగా తెలిసొచ్చింది.

"కరగం రంగమ్మే ఎత్తుతాది," అని మెల్లగా చెప్పి, ఆడవాళ్లిద్దరినీ వదిలి కంచె దాటి పోయాడు.

కాళమ్మ తల ఎత్తలేదు. రంగమ్మ వెళ్లి ఆమె చేయి పట్టుకుంది.

"శుక్రవారం ఏడు గంటల బస్సుకు రా, వదినా. దారిలో దిగాల్సొస్తే ఇద్దరమూ దిగుదాము."