చెంబు చప్పుడు

నీలవేణి చెంబు మీద గరిటెతో రెండుసార్లు కొట్టిందంటే అన్నం సిద్ధమైందని అర్థం. మామగారు సోములు ముందు కోడలి గొంతు వినబడకూడదని పెళ్లైన మర్నాడే అత్తగారు నేర్పిన పద్ధతి అది. ఆవిడ పోయినా పద్ధతి పోలేదు. పన్నెండేళ్లుగా ఆ ఇంటి మగాళ్లు ఆ చప్పుడుకే లేచి వచ్చి పీటల మీద కూర్చుంటున్నారు.

పంతొమ్మిది వందల అరవై ఏడు ఎండాకాలం సెలవులకి మొగుడు జగన్నాధం తను పాఠం చెప్పే విజయనగరం కాలేజీ నుంచి తెల్ల ఎలుకల బోనులు తెచ్చి పశువుల సాలలో పెట్టాడు. సగం ఎలుకలకి టక్కుమనే చప్పుడు వినగానే గిన్నె దగ్గరికి రావడం నేర్పాడు. తర్వాత వాటిని చంపి, మెదడు తీసి, నూరి, ఆ రసం ఏమీ నేర్వని ఎలుకలకి సూదితో ఎక్కించాడు. ఆ నేర్పు వీటికీ వస్తుందా అన్నది పరీక్ష. బోనులు కడగడం, మేత వేయడం నీలవేణి వంతు. 'ఇంటికాడుండి ఏటి సేస్తన్నావు, ఎలకలకి మేతెయ్యలేవా?' అన్నాడు. ఇంటెడు చాకిరీ అతని దృష్టిలో ఏనాడు పనయింది గనక.

సూది వేసిన మూడోనాడు టక్కుమనగానే ఆ ఎలుకలన్నీ గిన్నె దగ్గరికి పరుగెత్తాయి. జగన్నాధం పొంగిపోయి తన కాలేజీ పెద్ద ప్రొఫెసరుకి ఉత్తరం రాయడానికి కూర్చున్నాడు. మేతకి ముందు అన్ని బోనుల దగ్గరా నీలవేణి గరిటెతో టక్కుమని చెంబు కొట్టేది. అలవాటు. నెల్లాళ్లుగా ఆ చప్పుడు జగన్నాధం చెవిన పడుతూనే ఉంది. పుట్టినప్పటి నుంచీ తల్లి చేతా, ఆ తర్వాత పెళ్లాం చేతా మోగుతున్నది కొత్తగా ఎలా వినబడుతుంది? ఆ ఉత్తరం వెళితే పదిమందిలో నవ్వులపాలయ్యేది అతనే.

"బావా, మేతకి ముందు అన్నిటికీ నాను సెంబు కొట్టినాను. అవి నా కాడే నేర్సుకున్నాయి."

అతను తలెత్తలేదు. "ఎలకలకి నువ్వు పాఠం సెప్పినావేటి? ఎల్లి కూడొడ్డు."

వడ్డించి, చెంబు చేతిలోకి తీసుకుంది. అత్తగారికి వాళ్ల అత్తగారి భయం, తనకి అత్తగారి భయం. ఏ సూదీ లేకుండానే ఎక్కింది. చెంబు కుండ పక్కన బోర్లించి గడప మీదికి వచ్చింది.

"మావా, బావా, కూటికి రండి."

అరుగు మీద ముసలాయన ఉలిక్కిపడ్డాడు. "ఒరే జగ్గా, ఎవులురా అది? ఏ ఊరి మనిషి?"

ఉత్తరం మీద జగన్నాధం కలం ఆగింది. చెంబు మోగలేదని అతని చెవికి అప్పుడు తెలిసింది.