చెవి వెనక చుక్క

ఆ బ్యూటీపార్లర్‌లో ఆమెని అందరూ లేబులక్క అనేవారు. ఏ సీసా అయినా సరే, మూత తీసే ముందు వెనక్కి తిప్పి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, చీమ తలకాయలంత అక్షరాల్లో అచ్చువేసిందంతా పెదవులు కదుపుతూ చదివితే గాని ఆమె చెయ్యి ముందుకు సాగేది కాదు. మొదట్లో తోటివాళ్ళు వెక్కిరించడానికి పెట్టిన పేరు అది. తర్వాత తర్వాత కస్టమర్లు కూడా ఆ పేరుతోనే ఆమెని వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టారు.

వచ్చేవాళ్ళంతా ఎక్కడో ఒకచోట కాలి వచ్చినవాళ్ళే. ఒకరికి ఏ క్రీము రాసినా కనురెప్పలు ఉబ్బిపోతాయి. ఒకరికి నాలుగడుగులు ఎండలో నడిస్తే బుగ్గలు మంటెత్తుతాయి. వాళ్ళని కూర్చోబెట్టి లేబులక్క ముందు చదవడం నేర్పేది. కలిపినవన్నీ ఎక్కువ నుంచి తక్కువకి వరసగా రాస్తారని, ఆ వరసలో పరిమళం ఎక్కడ కనిపించినా సీసా కింద పెట్టెయ్యమని, జాబితా ఎంత పొట్టిదైతే అంత మంచిదని చెప్పేది. 'వాసన రాదు' అని రాస్తే నమ్మొద్దనేది. వాసన కలపకపోవడం వేరు, ఉన్న వాసనని ఇంకో వాసనతో మూసెయ్యడం వేరు. ఎవరైనా సీసా ముందువైపు చూపించి, "అక్కా, ఇది సహజమైనదట" అంటే నవ్వేది.

"దురదగొండి కూడా సహజమేనమ్మా. ముందువైపు రాసింది వాడి గొప్ప, వెనకవైపు రాసింది వాడి ఒప్పుకోలు. మనకి కావలసింది వెనకవైపు."

అలా చదివి ఏరిన, ముఖానికి మొదట పూసే ఫౌండేషన్‌ని ముందు తన చెవి వెనక ఒక చుక్క పెట్టుకునేది. ఆ చోటు ఎర్రబడకపోతే వచ్చినావిడ చెవి వెనక ఇంకో చుక్క పెట్టి, రెండు మూడు రోజులు చూసి రమ్మనేది. అప్పటికీ ఏమీ కాకపోతేనే ముఖం. పార్లర్ యజమానురాలికి, అందరూ మేడం అనే ఆవిడకి, ఇదంతా నత్తనడకలా ఉండేది. అయినా లేబులక్క చేతి నుంచి ఒక్క ముఖమూ వాచిపోయి వెనక్కి రాకపోవడంతో ఏమీ అనేది కాదు.

ఈ అలవాటు మొదలైంది చెల్లెలితో. చెల్లెలి చర్మం పుట్టుకతోనే పేచీకోరు. మోచేతుల దగ్గర, మెడ మీద పొలుసులు లేచేవి. బళ్ళో పిల్లలు చేపపిల్ల అని ఏడిపిస్తే, ఆ మాటలో విషం తీసెయ్యడానికి అక్క ఇంట్లో అదే పేరు ముద్దుగా పిలవడం మొదలుపెట్టింది. తల్లి లేని ఇల్లు. చెల్లెలికి తలదువ్వడం నుంచి చీవాట్లు పెట్టడం దాకా అన్నీ అక్కే. ఒక ఏడాది బళ్ళో నాటకానికి చేపపిల్లకి రాణి వేషం వచ్చింది. అక్క ముచ్చటపడి, కొట్లో అందరూ మెచ్చుకున్న క్రీము తెచ్చి పట్టించింది. తెర లేచే వేళకి రాణిగారి కళ్ళు మూసుకుపోయి, ముఖం కుండలా పొంగింది. వేషం ఇంకో పిల్లకి పోయింది. చెల్లెలు అక్కని ఒక్క మాటా అనలేదు. కాని ఆ రోజు నుంచి ముఖానికి ఏది రాయబోయినా వెనక్కి జరిగేది. అప్పుడు అక్క ఏ క్రీమైనా ముందు తన చెవి వెనక రాసుకుని, "చూడు, నాకేం కాలేదు" అని చూపించేది. "నీది గేదె తోలులే" అని నవ్వి చెల్లెలు మెడ వంచేది, ముఖం మాత్రం ముట్టుకోనిచ్చేది కాదు.

అలా ఇద్దరూ పెద్దవాళ్ళయ్యారు. చెల్లెలికి మంచినీళ్ళ సరఫరా ఆఫీసులో ఫోన్ల దగ్గర ఉద్యోగం దొరికింది. నీళ్ళు రాలేదని ఊరంతా తిడితే ఓపిగ్గా వినే పని. అక్కడ ఎవరికీ తన ముఖం కనబడదని అదంటే ఆమెకి ఇష్టం. పెళ్ళి ఊసెత్తితే పెడముఖం పెట్టేది. అలాంటిది నలభైకి దగ్గరపడ్డాక, ఆఫీసులో లిఫ్టు బాగుచెయ్యడానికి వచ్చే మెకానిక్‌ని చేసుకుంటానని ఒక సాయంత్రం కూరగాయలు తరుగుతూ తలెత్తకుండా చెప్పింది. ఆయన భార్య పోయిన మనిషి, నిదానస్థుడు. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు, దగ్గరివాళ్ళకి భోజనాలు, అంతే అనుకున్నారు.

అదంతా చెప్పాక చెల్లెలు, "ఆ రోజు నాకు మేకప్ వేస్తావా అక్కా?" అని అడిగింది.

ఊళ్ళో ఎందరి ముఖాలో తీర్చిదిద్దిన లేబులక్కకి ఇన్నేళ్ళలో చెల్లెలి ముఖం చేతికి రాలేదు. ఆమె మాత్రం, "చూద్దాంలే, ముందా ముక్కలు సన్నగా తరుగు" అంది.

మర్నాటి నుంచి ఆమెకి వేరే ధ్యాస లేదు. దొరికిన ప్రతి ఫౌండేషన్ వెనకవైపూ చదివింది. నూటికి తొంభై చదువుతోనే రాలిపోయాయి. మిగిలినవి చెవి వెనక చుక్కలయ్యాయి. ఒక చెవి అయిపోతే రెండోది.

నిజానికి అంతకు చాలా ముందు నుంచే చెవి వెనక దురదగా ఉంటోంది. పని ఎక్కువైందని, నిద్ర చాలడం లేదని సర్దిచెప్పుకుంది. వేళ్ళ సందుల్లో చర్మం పగిలితే సబ్బు మీదికి నెట్టింది. ఇప్పుడు చెవి వెనక నీరు కారడం మొదలైంది. పొద్దున్న లేచేసరికి కనురెప్పలు బరువెక్కేవి. జుట్టు చెవుల మీదికి దించి దువ్వుకుని పనిలోకి వెళ్ళేది. ఎవరో కస్టమర్ అద్దంలోంచి ఆమెని తేరిపార చూసి, "ఇంకోసారి వస్తా" అని కుర్చీ దిగిపోయాక, మేడం లోపలికి పిలిచి డాక్టరు దగ్గరికి వెళ్ళిరమ్మంది. గొంతులో కోపం లేదు, భయం ఉంది.

చర్మాల డాక్టరమ్మ ఏది పడదో తేల్చడానికి ఒక్కో పదార్థం రాసిన చిన్న చిన్న పట్టీలు ఆమె వీపు మీద అంటించి పంపింది. మళ్ళీ రమ్మన్న రోజున విప్పి చూస్తే, పరిమళాలు పెట్టిన చోటా, క్రీములు చెడిపోకుండా కలిపే ఒక మందు పెట్టిన చోటా చర్మం ఎర్రగా పొంగి ఉంది. ఇది పుట్టుకతో వచ్చింది కాదని, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా తగిలి తగిలి ఒంటికి విరోధమైందని డాక్టరమ్మ చెప్పింది. చర్మం ఒకసారి పగబడితే మరిచిపోదట. చేతికి తొడుగులు వేసుకుంటానంటే, మీ పార్లర్ గాలిలోనే అవి తేలుతుంటాయి కదా అంది. పని మానుకోక తప్పదు.

"అసలు మీరెందుకు రాసుకునేవాళ్ళు?" అని అడిగింది చివర్లో.

"వచ్చినవాళ్ళకి పడుతుందో లేదో చూడాలి కదండీ."

డాక్టరమ్మ కలం మూత పెట్టేసింది. "మీకు పడినంత మాత్రాన వాళ్ళకి పడుతుందని లేదండీ. ఎవరి చర్మం వాళ్ళదే. వాళ్ళ మీద పెట్టి చూస్తే సరిపోయేది."

"తెలుసండీ," అంది లేబులక్క.

తెలుసు. ఆ సంగతి ఆమెకి తెలిసి చాలా కాలమే అయింది. వాళ్ళని కాపాడింది తన చదువూ, వాళ్ళ చెవి వెనక పెట్టిన చుక్కా. తన చెవి వెనక చుక్క ఎవరి చర్మాన్నీ కాపాడలేదు. కాని ఆ చుక్క పెట్టుకోగానే కుర్చీలో బిగుసుకుని కూర్చున్న మనిషి భుజాలు కిందికి దిగేవి. దాన్ని ఆమె ఎన్నోసార్లు చూసింది. అది చూశాక మానడం ఆమె వల్ల కాలేదు.

ఇంట్లో చెప్పకూడదనుకుంది. పెళ్ళి దగ్గరపడింది, అయ్యాక తీరిగ్గా చెప్పవచ్చు. అదృష్టం, ఈలోగా కావలసింది దొరికింది. ఒక చిన్న ట్యూబు, వెనక పొట్టి జాబితా, అందులో చెల్లెలికి పడనిదీ లేదు, ఇప్పుడు తనకి పడనిదీ లేదు. చెల్లెలి చెవి వెనక పెట్టి చూస్తే మచ్చలా కూడా తేలలేదు. కిటికీ వెలుతురులో దవడ పక్కన గీసి చూస్తే రంగు చర్మంలో కలిసిపోయింది.

పెళ్ళికి కొద్ది రోజుల ముందు చెల్లెలు పక్కగుడ్డలు ఉతకడానికి తీస్తూ అక్క దిండు గలీబు మీద పసుపుపచ్చని మరకలు చూసింది. గలీబు చేత్తో పట్టుకునే వచ్చి, అక్క జుట్టు పక్కకి తీసింది.

"ఎప్పట్నుంచి?"

అక్క అంతా చెప్పింది. పార్లర్ మానెయ్యాలన్న మాట తేలిగ్గా అనెయ్యాలని చూసింది గాని కుదరలేదు.

"నా పెళ్ళికోసం ఇంత చేసుకున్నావా?"

"నీ ఒక్కదాని కోసం కాదే. అందరివీ కలిసి వచ్చాయి."

"నాకే మేకప్పూ వద్దు," అంది చెల్లెలు. కళ్ళు తుడుచుకుంటూనే అక్క చేతులు రెండూ పట్టుకుంది. "ఉన్న ముఖంతోనే వెళ్తా. ఆయన నన్ను ఈ ముఖంతోనే చూశాడు. నువ్వింక ఏదీ ముట్టుకోవడానికి వీల్లేదు."

"ఈ ట్యూబులో అవేమీ లేవే. నేను చదివాను."

"చదివింది చాలక్కా."

చెల్లెలు బల్ల మీది ట్యూబు తీసి చెత్తబుట్టలో పారేసింది. రేకు బుట్ట అడుగున అది టంగుమని పడింది. తర్వాత అక్కని గట్టిగా కావలించుకుని, చెవికి తగలకుండా తల రెండో వైపు పెట్టుకుని ఏడ్చింది. లేబులక్క ట్యూబుని బుట్టలోనే వదిలేసి చెల్లెలి వీపు నిమురుతూ నిలబడింది.

పెళ్ళిరోజున చెల్లెలు ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, కొత్త బట్టలు కట్టుకుని బయల్దేరింది. కంగారుకి మెడ మీద ఎర్రని పొడలు లేచాయి. పెళ్ళికొడుకు ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. ఎంత తోమినా గోళ్ళ అంచుల్లో గ్రీజు నల్లగా మిగిలే ఉంది. ఆయన లేబులక్కని "వదినగారూ" అని పలకరించి కుర్చీ వేశాడు. వాళ్ళు కాగితాల మీద సంతకాలు పెడుతుంటే ఆమె కూర్చుని చెల్లెలి ముఖం చూస్తూ ఉంది. ముక్కు పక్కన కాస్త, కళ్ళ కింద అంతకంటే తక్కువ. గడ్డం ముట్టుకోనక్కర్లేదు, అది ముందునుంచీ అందంగానే ఉంది. మెడ మీది ఎరుపుని వేలి చివరతో తట్టి తట్టి అణచాలి, రుద్దకూడదు. అలా మొత్తం ముఖం మనసులోనే పూర్తిచేసింది. పూర్తయ్యేసరికి సంతకాలు కూడా అయిపోయాయి. పెళ్ళికూతురు ఎంత సహజంగా ఉందో అని వెనక ఎవరో అన్నారు. ఇంకో రోజైతే ఆ మాటకి లేబులక్క ఏదో ఒకటి అనేదే.

పార్లర్ తాళం చెవి ఇచ్చేయడానికి వెళ్ళినప్పుడు మేడం మెట్ల దాకా వచ్చింది. డబ్బు తీసుకునే బల్ల దగ్గర కూర్చోమని ఇదివరకే అడిగి ఉంది గాని, ఆ గాలిలో అయిదు నిమిషాలు నిలబడినా కళ్ళు మండుతున్నాయని ఇద్దరికీ తెలుసు. మెట్ల మీద ఒకావిడ ముఖానికి కొంగు చుట్టుకుని, లేబులక్క కోసమే పొద్దున్నుంచీ కూర్చుని ఉంది. లేబులక్క ఆవిడ చేతిలోని సీసా పుచ్చుకుని, మెట్ల మీదే చదివి, ఇది పనికొస్తుంది, ముందు చెవి వెనక పెట్టి చూసుకోండి అని చెప్పింది.

"మీరు పెట్టుకుని చూశారా?"

"లేదమ్మా. నేనింక పెట్టుకోకూడదు."

ఆవిడ సీసాని అటూ ఇటూ తిప్పి సంచిలో వేసుకుంది. వాడదని లేబులక్కకి తెలిసిపోయింది.

తర్వాత ఒక కళ్ళజోళ్ళ దుకాణంలో పని దొరికింది. అద్దాలు తుడిచి అమర్చడం, పవరు చీటీలు చూసి ఇవ్వడం. ఏ వాసనా లేని చోటు. నెలలు గడిచేకొద్దీ రెప్పలు తేలికపడ్డాయి, చెవి వెనక కొత్త చర్మం వచ్చింది. ఆ దుకాణంలో ఆమెకి మారుపేరేదీ పెట్టలేదు.

చెల్లెలు ఆదివారాలు వచ్చిపోయేది. ఒకసారి పెళ్ళి ఫొటోలు తెచ్చింది. టీ తాగుతూ ఒక్కొక్కటే తిప్పుతూ, "ఇది చూడు, నా మెడ! ఎవరో పీక నొక్కినట్టు లేదూ?" అని పకపకా నవ్వింది.

అక్క నవ్వలేదు. ఆ ఫొటో చేతిలోకి తీసుకుంది.

"ఆ రోజు నీ ముఖం నాకిచ్చి ఉండాల్సిందే."

చెల్లెలి నవ్వు ఆగిపోయింది.

"నీకు ఇంకా హాని కాకూడదనే కదక్కా."

"తెలుసు. తెలుసు గనకే అప్పుడు పట్టుబట్టలేదు. కాని ఎలాగూ పోయే పనే కదా. పోయే ముందు నీ ముఖం ఒక్కటి చెయ్యాలనుకున్నాను. అందరివీ చేశాను."

వీధిలో ఎవరో సైకిల్‌కి గాలి కొట్టుకుంటున్నారు. చెల్లెలు తలవంచుకుని గ్లాసు అంచు వేలితో చుట్టూ రాస్తూ కూర్చుంది.

"ఇప్పుడు వెయ్యవూ?" అంది. "ఆ ట్యూబే మళ్ళీ కొనుక్కొస్తా."

"వద్దు చేపపిల్లా. ఇప్పుడు వేస్తే అది వేరే."

చెల్లెలు లేచి గ్లాసులు కడిగింది. ఆరిన బట్టలు తీసి మడతపెట్టింది. చెయ్యడానికి ఏమీ మిగలకపోయినా మామూలుకంటే ఎక్కువసేపు ఉంది. మరిది వచ్చి వాకిట్లో హారన్ కొట్టాక గాని కదల్లేదు. ఫొటోలన్నీ సంచిలో సర్దుకుని, ఆ ఒక్కటీ బల్ల మీదే వదిలి వెళ్ళింది.

మరుసటి ఆదివారం మామూలుగానే వచ్చింది. ఇద్దరూ మామూలుగానే మాట్లాడుకున్నారు. ఆ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు, మరిచిపోయి మాత్రం కాదు.