ఫిన్నిష్‌లో ఆకలి

"మితా సైసి ఓల్లా?" అని అడిగింది విమలాదేవి, పెనం మీద జొన్నరొట్టె తిప్పుతూ.

"గట్ల గాదు. జర నడుం వంచి అడగాలె. ఆడ బేరర్లు గట్లనే అడుగుతరంట," అన్నాడు పురుషోత్తం, పీట మీద కూర్చుని.

మీకేం కావాలి అని ఆ మాటకు అర్థం. అతని ఫ్యాక్టరీకి ఫిన్లాండ్ నుంచి కొత్త మిషన్ వస్తోంది. దాన్ని నడపడం నేర్చుకునేందుకు అతన్ని ఆరు నెలలు అక్కడికి పంపుతున్నారు. అక్కడ హోటల్లో తిండి ఎలా అడగాలో నాలుగు సైక్లోస్టైల్ కాగితాల మీద అచ్చేసి ఇచ్చారు. సైదాబాద్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో నెల రోజులుగా రెండు పూటలా ఇదే పాఠం. అతను తినడానికొచ్చిన పెద్దమనిషి, ఆమె బేరర్. ఇంకే వేషం ఇస్తార్లెండి ఆమెకు? పన్నెండేళ్లుగా వేస్తున్నదే, భాష ఒక్కటే మారింది.

పాఠం ఎప్పుడూ కాగితంలో ఉన్న వరసలోనే నడిచేది. ఇద్దరికి టేబుల్, తర్వాత మెనూ, తర్వాత ఆకలి, చివరికి బిల్లు. అతను ఆగినచోట ఆమె మొదటి ముక్క అందిస్తే మిగతాది అతను పూర్తి చేసేవాడు. కూరలో ఉప్పు తక్కువైనప్పుడు అతను నోరు తెరవకముందే గిన్నె అందించినట్టే ఇదీను. మొత్తం తనకే వచ్చేసిందనుకున్నాడు పాపం.

నిజంగా వచ్చింది విమలాదేవికి. పెళ్లికి ముందు పీయూసీ ఫస్ట్ క్లాసులో పాసైన మనిషి. ఒకరోజు అంట్లు తోముతూ తనకు తానే అనుకుంది, "మినుల్లా ఓన్ న్యాల్క్యా." నాకు ఆకలిగా ఉంది. అనేసి, చేతిలో బూడిదతో అలాగే ఆగిపోయింది. ఈ ఇంట్లో ఆ మాట తెలుగులో ఒక్కసారే అంది. కాపురానికొచ్చిన కొత్తలో, మధ్యాహ్నం రెండు దాటాక. "మొగోడు దినకముందే ఆడిదానికి గంత ఆకలేందే?" అంది అత్త ఆగమ్మ. పురుషోత్తం పగలబడి నవ్వాడు. తర్వాత ఎప్పుడైనా ఇరానీ హోటల్‌కు తీసుకెళ్లి ఫ్యామిలీ రూమ్‌లో పరదా వెనక కూర్చోబెట్టినా, "ఆమెకు చాయ్ చాలు," అని అతనే చెప్పేవాడు. ఆమె కూడా చాలనే అనుకునేది. అలా అనుకున్నందుకు ఇప్పుడు తన మీద తనకే మండుతోంది.

శుక్రవారం ఇస్త్రీ చేయబోతూ అతని చొక్కా జేబులోంచి ఒక ఫారం తీసింది. సోమవారం ఆఫీసులో ఇవ్వాల్సినది. భార్య వెంట వస్తుందా అన్న గడిలో అతని చేతిరాత: నాట్ విల్లింగ్. రావడానికి ఆమెకు ఇష్టం లేదు.

"కంపెనీ ఆడోళ్లను దీస్కపోదు," అని చెప్పాడు తనతో. ఎంత నమ్మింది! ఫారం మడత చెడకుండా జేబులో పెట్టేసింది. తను నిజంగా రానంటే వేరు. రానని తనే అన్నట్టు రాసి పెట్టాడు. సోమవారం దాటితే ఆ అబద్ధమే తన మాట అయిపోతుంది.

శనివారం సాయంత్రం మూసీ అవతల పెద్ద హోటల్లో విందు. మిషన్ అమర్చడానికి వచ్చిన ఫిన్నిష్ ఇంజినీరు లేహ్తినెన్, ఆయన భార్య, పెద్ద ఆఫీసరు శ్రీహరిరావు, వీళ్లిద్దరూ. పొద్దుటి నుంచి విమలాదేవి ఏమీ తినలేదు. తినమన్నవాళ్లూ లేరు.

లేహ్తినెన్ సరదా మనిషి. చేతి మీద తువ్వాలు వేసుకుని, నడుం వంచి, పురుషోత్తం ముందు నిలబడ్డాడు.

"మితా సైసి ఓల్లా?"

పురుషోత్తం మొహం పాలిపోయింది. ఇద్దరికి టేబుల్ అని మొదలుపెడదామంటే టేబుల్ ముందే కూర్చుని ఉన్నారు. వరస తెగిపోయింది. కాసేపు తడుముకుని, "లాస్కు, కీతోస్," అన్నాడు. బిల్లు ఇవ్వండి, థాంక్స్. ఇంకా మంచినీళ్లు కూడా రాలేదు. దొర, దొరసాని పడీపడీ నవ్వారు.

బల్ల కింద అతని బూటు ఆమె పాదాన్ని తొక్కింది. అందించమని. మొదటి ముక్క ఆమె నాలుక చివరే ఉంది, పన్నెండేళ్ల అలవాటు కదా. పళ్లు బిగించి మింగేసింది. పాదం వెనక్కి లాక్కుంది.

"ఆమెకు పెరుగన్నం చాలు సార్. ఆకలుండదు ఆమెకు," అన్నాడు పురుషోత్తం, మాట మార్చడానికి.

విమలాదేవి తలెత్తి లేహ్తినెన్ వైపు చూసింది.

"మినుల్లా ఓన్ న్యాల్క్యా," అంది. "సైసింకో రువొకలిస్తాన్?" నాకు ఆకలిగా ఉంది, మెనూ ఇప్పిస్తారా?

దొరసాని ఆమె చేయి పట్టుకుని గబగబా ఏదో అంది. శ్రీహరిరావు కళ్లద్దాలు సర్దుకున్నాడు. "అదేంటమ్మా, ఇంత చక్కగా మాట్లాడుతున్నారు. ఫిన్లాండ్ రావడం మీకిష్టం లేదని చెప్పాడే పురుషోత్తం?"

"ఇంట్ల ముసలామె ఉన్నది సార్, అందుకని..." అన్నాడు పురుషోత్తం. ఆమె వైపు చూసిన చూపులో బతిమాలుడూ ఉంది, బెదిరింపూ ఉంది. ఇంటికి పోయాక ఏం లొల్లి అవుతుందో ఆమెకు తెలుసు.

"నన్ను ఎవ్వలు అడగలే సార్," అంది విమలాదేవి. "అడిగితే వస్తననే చెప్తుంటి. ఫారం సోమవారం గదా ఇచ్చేది. గా గడి నేనే నింపుత."

లేహ్తినెన్ మెనూ పుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. అలవాటుగా పురుషోత్తం చేయి దాని మీదికి వచ్చింది.

ఆమె పుస్తకాన్ని తన వైపు జరుపుకుంది.

"ఆగుండ్రి," అంది, మొదటి పేజీ తెరుస్తూ. "నేను జూస్తున్న."