తోక లేని తొడ

పామాయిల్ తోటలో మొదటి గెలలు కోశాక, ఆదివారం మధ్యాహ్నం పదిమందిని భోజనానికి పిలిచాను. దమ్మపేటలో మోటార్లు బాగుచేసే హమీద్‌నీ, మా వీధిలో కిరాయికి ఉండే ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ గణేష్‌నీ కూడా పిలిచాను. మాంసం తెచ్చి కాల్చే పని దస్రుది. పదేళ్లుగా నా పొలంలో పనిచేస్తున్నాడు. అతని ఊరు అడవి అంచున.

పొద్దున ఫోన్ చేశాడు.

"పటేలా, కొండ గొర్రె తొడ దొరికింది. తెస్తున్న."

మా వైపు కొండగొర్రె అంటే గొర్రె కాదు. నాలుగు కొమ్ముల చిన్న జింక. దాన్ని కొట్టినా, ఇంట్లో వండినా జైలే. తినడానికి వచ్చేది ఫారెస్టాయన.

దస్రు అడ్డాకుల్లో చుట్టి తెచ్చాడు. విప్పి చూశాను. ఎర్రటి మాంసం, కొవ్వు లేదు. మా సంతలో గొర్రె తొడకు తోక ఉంచే అమ్ముతారు, ఏ జీవమో తెలియాలని. దీనికి తోక లేదు.

"తోకేదిరా?"

"తోకతోని ఏం పని పటేలా? తొడ తెమ్మంటివి, తెచ్చిన."

"ఏడికెల్లి తెచ్చినవ్?"

"ఫోన్ల చెప్పిన గద."

రెండోసారి అడగడానికి నోరు రాలేదు. అతను తొడకు గాట్లు పెట్టి, అల్లం వెల్లుల్లి, కారం, నిమ్మరసం పట్టించాడు. మళ్లీ ఆకులు చుట్టి, పైన బురద మెత్తి, పెరట్లో నిప్పుల గుంటలో పెట్టి మన్ను కప్పాడు. అతని చేతులనే చూస్తూ కూర్చున్నాను. పారేయమందామా అనుకుంటుండగానే గణేష్ వచ్చేశాడు, చెప్పిన టైముకంటే గంట ముందు. నేరుగా గుంట దగ్గరే కుర్చీ వేసుకున్నాడు.

"ఏం కాలుతున్నది అంకుల్?"

"దుంపలు."

"ఏం దుంపలు?"

"చిలగడ."

గుంట పక్కనున్న మసాలా గిన్నె చూశాడు. "చిలగడ దుంపలకు అల్లం వెల్లుల్లి పెడ్తరా మీ దిక్కు?"

కట్టెలు సర్దుతున్న దస్రు చెయ్యి ఆగింది. నన్నొకసారి చూసి, మళ్లీ సర్దుకున్నాడు.

అప్పుడే గేటు దగ్గర హమీద్ బండి ఆగింది. అక్కడినుంచే కేక వేశాడు.

"దస్రూ, కాలిందా మన కొండ గొర్రె?"

గణేష్ కుర్చీలోంచి లేచాడు.

"ఏం గొర్రె?" అన్నాడు గణేష్.

"కొండ గొర్రె సార్. అవతలి ఊరిల మంద కాస్తడు గద, కొండ. ఆయన గొర్రె. నేను హలాల్ చేసిందే తింటనని దస్రు పొద్దుగాల్నే నన్ను బండి మీద తోల్కపోయిండు. నా చేత్తోనే కోసిన. తోక ఉన్న తొడ మా ఇంటికి పంపిన, రెండోది ఇదే."

గణేష్ నా వైపు తిరిగి పగలబడి నవ్వాడు. "దుంపలన్నరు గద అంకుల్!"

హమీద్ కూడా నవ్వాడు. దస్రు నవ్వలేదు.

అందరూ వచ్చాక గుంట తవ్వి, బురద పెంకు పగలగొట్టాడు. ఆవిరి లేచింది. ఎముకనుంచి మాంసం దానంతటదే విడిపోయింది. మొదటి ముక్క తెచ్చి నా విస్తట్లో పెట్టాడు.

"తిను పటేలా. దుంప మంచిగ ఉడికింది."

తన విస్తట్లో అన్నం, చారు మాత్రమే వేసుకున్నాడు.