రెండొందల కూలింగ్ అద్దాలు

సూర్యుడి పేరు పెట్టుకున్న మనిషికి సూర్యుడితోనే తగువొస్తే ఎవరికి చెప్పుకుంటాడు? బొంగులూరు దివాకర్ ఎవరికీ చెప్పుకోలేదు. తప్పంతా అక్కడే ఉంది.

దివాకర్‌ది స్కూలు వ్యాను. పొద్దున్నే బొంగులూరు కాలనీల్లో పిల్లల్ని ఎక్కించుకుని ఇబ్రహీంపట్నం బడిలో దింపుతాడు. ఆ వేళకు లోకమంతా ఉద్యోగాలకని సిటీ వైపు పోతుంది కాబట్టి ఎండ వాళ్ళ వీపుకు తగులుతుంది. దివాకర్ మాత్రం లోకానికి ఎదురు పోవాలి. చలికాలం వచ్చిందంటే ఎనిమిదింటి సూర్యుడు తిన్నగా వచ్చి వ్యాను ముందద్దంలో కూర్చుంటాడు. నల్లగా ఉండాల్సిన తారు రోడ్డు సున్నం కొట్టినట్టు తెల్లగా మెరుస్తుంది. కళ్ళు చికిలించి, మీద చెయ్యి అడ్డం పెట్టి, ఇంటి దేవుణ్ణి తలుచుకుని ఆ కాస్త దూరం లాగించేస్తుంటాడు.

దేవుడు మాత్రం రోజూ ఎక్కడ కాపలా కాస్తాడు? ఒకరోజు మలుపు దగ్గర బుగ్గయ్య బర్రెలు రోడ్డు దాటుతున్నాయి. దివాకర్‌కు తెలుపు తప్ప మరేమీ కనబడలేదు. ఆ తెలుపులోంచి ఉన్నట్టుండి ఒక కొమ్ము బయటికి వచ్చింది. దివాకర్ బ్రేకు మీద లేచి నిలబడ్డాడు. బర్రెకు ఏమీ కాలేదు. అది తీరిగ్గా తల తిప్పి, వీడెవడురా అన్నట్టు చూసి తన దారిన పోయింది. డ్రైవరు వెనక సీట్లో ఉన్న రెండో తరగతి ఉజ్వల నుదుటి మీద మాత్రం ఉసిరికాయంత బొప్పి కట్టింది.

"ఫోన్ జూస్కుంట నడిపినవా అన్నా?" అని సాయంత్రం ఉజ్వల తల్లి స్వప్న గేటు దగ్గరే నిలదీసింది.

"లేదమ్మా. బర్రె అడ్డమొచ్చింది."

"బర్రె గంత పెద్దగుంటది, కనబడకపాయెనా? ఇంకోసారి గిట్లయితే వేరే వ్యాను జూస్కుంటం."

ఏమని చెబుతాడు? నిజంగానే కనబడలేదమ్మా అంటే అయిపోయినట్టే. డ్రైవరుకు కళ్ళు ఆనడం లేదని ఒక్క తల్లికి తెలిస్తే చాలు, కాలనీ వాట్సాప్ గ్రూపులో ఆ మాట తిరిగేసరికి వ్యాను ఖాళీ. దివాకర్ వ్యాను తిప్పుకుని వెళ్ళిపోయాడు.

స్వప్న మాటకంటే పిల్ల చేసిన పని అతన్ని ఎక్కువ కోసింది. ఉజ్వల అదివరకు వ్యాను ఎక్కగానే నోరు తెరుచుకుని నిద్రపోయేది. బడి గేటు దగ్గర లేపాలి. ఆ రోజు తర్వాత నిద్ర మానేసింది. అతని సీటు పట్టుకుని నిలబడి, మెడ సాచి, దారి పొడుగునా చెవిలో కేకలు. "అంకుల్, లారీ! అంకుల్, స్పీడ్ బ్రేకర్! అంకుల్, బర్రె వస్తదేమో!" పిల్ల తనను నమ్మడం లేదని దివాకర్‌కు అర్థమైంది. అన్నం ముందు కూర్చుంటే ఆ గొంతే వినబడేది.

మొదట రోడ్డు పక్క బండి మీద నూటయాభైకి నల్లద్దాలు కొన్నాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఎండలో మెరుపు మెరుపులాగే ఉంది. చెట్ల నీడలోకి వెళ్తే అర్ధరాత్రిలా ఉంది. రెండో రోజుకే వాటిని డ్యాష్‌బోర్డు అరలో పడేశాడు.

తర్వాత ఇబ్రహీంపట్నం చౌరస్తాలో రత్నాకర్ కళ్ళద్దాల దుకాణం ఎక్కాడు. రత్నాకర్ తొందరపడే మనిషి కాదు.

"ముందుగాల బండి అద్దం లోపలా బయటా కడుగు. సగం తెలుపు దుమ్ముదే ఉంటది" అని, ఒక చిన్న అట్ట ముక్క తీసి చేతిలో పెట్టాడు. "దీని మీద ఏం కనబడ్తుంది?"

"ఏం లేదు. బూడిద రంగు."

రత్నాకర్ ఒక కళ్ళజోడు తీసి అతని ముక్కు మీద పెట్టాడు. బూడిద రంగులోంచి ఎర్రని చేప ఒకటి తేలి వచ్చింది. దివాకర్ అద్దాలు తీశాడు, చేప పోయింది. పెట్టాడు, వచ్చింది.

"ఇది పోలరైజ్డ్. ఉత్త నలుపు గాదు. రోడ్డు మీదికెల్లి కొట్టే మెరుపును ఆపుతది. పద్దెనిమిది వందలు."

"పద్దెనిమిది వందలా!" దివాకర్ అద్దాలను జాగ్రత్తగా బల్ల మీద పెట్టేశాడు. "నూటయాభైకి బయట దొరుకుతుంటే?"

"దొరుకుతయ్. చేప కనబడ్తదా అడుగు" అన్నాడు రత్నాకర్.

ఇంట్లో ఆ ధర వినగానే భార్య సంతోషి కుట్టు మిషను ఆపేసింది. "పద్దెనిమిది వందలు మొకానికి పెట్టుకుంటవా? పెండ్లి నాడు గూడ గంత సోకు జెయ్యలే నువ్వు. టోపీ పెట్టుకో."

"టోపీ పెట్టుకుంటే రోడ్డు మెరువదా?"

"మెరిస్తే మెరువనీ. ఇన్నేండ్ల సంది నడుపుతలేవా?"

ఇన్నేళ్ళూ నడిపిన మాట నిజమే. ఎలా నడిపాడో మాత్రం ఆమెకు చెప్పలేదు. బర్రె అడ్డమొచ్చిందనే ఆమెకూ చెప్పాడు.

రెండు రోజులకు సంతోషికి జాకెట్ల లైనింగు గుడ్డ అవసరమై, ఇబ్రహీంపట్నం దాకా వ్యానులోనే బయల్దేరింది. ముందు సీట్లో కూర్చుని, వెనక పిల్లలతో ముచ్చట్లాడుతూ, మలుపు దగ్గరికి వచ్చేసరికి ముందుకు తిరిగింది. ముందద్దం నిండా తెలుపే. రెండు చేతులతో సీటు అంచు పట్టుకుంది. వెనక నుంచి "అంకుల్, మెల్లగ! బర్రెల మలుపు!" అని ఉజ్వల గొంతు.

పిల్లలు దిగిపోయాక సంతోషి అడిగింది. "రోజూ గిట్లనే నడుపుతున్నవా?"

"అవ్."

"ఏం కనబడకుంట?"

"మలుపు కాడ జరసేపు."

సంతోషికి కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "ఆ జరసేపట్ల ఏమన్నయితే? ఎనకాల గంత మంది పిల్లలను ఏసుకొని! నాకొక మాట జెప్పొద్దా? నోట్ల నాలుక లేదా నీకు?" అని కొంగుతో ముక్కు తుడుచుకుని, "దుకాణం ఏడుంది?" అంది.

రత్నాకర్ ధర తగ్గించలేదు. సంతోషి కూడా ఊరికే వదల్లేదు. గంటసేపు బేరమాడి ఒక గట్టి డబ్బా, తుడుచుకునే గుడ్డ గుంజుకుని బయటపడింది. ఇంటికి వచ్చాక అద్దాల కాడకు కుంకుమ బొట్టు పెట్టింది. కొత్త వస్తువు బొట్టు లేకుండా గడప దాటకూడదు కదా.

మర్నాడు మలుపు దగ్గర సూర్యుడు సూర్యుడిలాగే ఉన్నాడు. కానీ రోడ్డు నల్లగా ఉంది. నడిమి గీత గీతలాగే ఉంది. దివాకర్ ఆనందం పట్టలేక హారన్ కొట్టాడు.

ఇక అసలు చిక్కు వ్యాన్ల స్టాండు దగ్గర మొదలైంది. పిల్లల్ని దింపాక డ్రైవర్లంతా బడి గోడ పక్కన టీ బండి దగ్గర చేరతారు. అక్కడ చట్టం ఒక్కటే: ఎవరికి ఏ కొత్త వస్తువు వచ్చినా మిగతావాళ్ళకు దావత్ ఇవ్వాలి, విందు పెట్టాలి. ఐలేష్ ఇంటికి కూలరు వస్తే దావత్. అందరికంటే పెద్దవాడు కిష్టన్న పన్ను కట్టించుకుంటే దావత్. ఆ దావత్‌లో కొత్త పన్నుతోనే మొదటి కోడి ఎముక కొరికాడు. పద్దెనిమిది వందల వస్తువంటే కోళ్ళు కోయక తప్పదు. ఇప్పటికే ఇంట్లో ఖర్చుకు లెక్క చెప్పలేక చచ్చిన దివాకర్ మనసులోనే కోళ్ళ ధర లెక్కేసుకున్నాడు.

"ఓహో! హీరో వచ్చిండు! ఎంతకు కొన్నవే?" అన్నాడు ఐలేష్.

"రెండొందలు" అన్నాడు దివాకర్. "బండి మీద."

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. ఇది మరీ అతికింది. అదే కొంప ముంచింది.

"రెండొందలకా? గింత మంచి మాలా?" ఐలేష్ వెంటనే జేబులోంచి రెండు నోట్లు తీశాడు. "నాకొకటి తే." పక్కవాడు తీశాడు, ఆ పక్కవాడూ తీశాడు. కిష్టన్న కూడా తన నోట్లు మడిచి దివాకర్ జేబులో కుక్కాడు. దివాకర్ తేలు కుట్టిన దొంగలా నవ్వుతూ నిలబడ్డాడు. లోపల మాత్రం, ఇన్ని జతలు కొనేకంటే వ్యాను అమ్ముకోవడం నయమనుకుంటున్నాడు.

ఈలోగా ఐలేష్ దివాకర్ చేతిలోని డబ్బాతో సహా ఆ అద్దాలు లాక్కుని, కళ్ళకు పెట్టుకుని, క్రికెట్ చూద్దామని ఫోన్ అడ్డంగా తిప్పాడు.

"అరే! నా ఫోన్!" అని అరిచాడు. "నల్లగైపోయింది! సచ్చిపోయింది!"

అద్దాలు తీస్తే ఫోన్ బతికింది. పెడితే చచ్చింది. అందరూ తలొకసారి పెట్టుకుని చూశారు. అందరికీ నలుపే.

"డూప్లికేట్ మాల్ అంటగట్టిండు మనోనికి" అని ఐలేష్ తీర్పు చెప్పాడు. "ఫోన్ కనబడని అద్దాలు ఏం అద్దాలు? డబ్బా మీద పేరుంది సూడు, గీ చౌరస్తా దుకాణమే. బండి మీద గాదు. నడువుర్రి!"

"వద్దన్నా, పోనియ్. రెండొందలే గద."

"రెండొందలైతే పైసల్ గావా?" అని కిష్టన్న అతని చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. సొమ్ము పోగొట్టుకున్నవాడు వెనకాల, న్యాయం అడిగేవాళ్ళు ముందు. ఇబ్రహీంపట్నం చౌరస్తాలో ఆ ఊరేగింపు చూసి బస్సు కోసం నిలబడ్డవాళ్ళు దారి ఇచ్చారు.

రత్నాకర్ కుర్చీలోంచి లేవలేదు. "ఫోన్ నిలువుగ పట్టుకో" అన్నాడు. ఐలేష్ పట్టుకున్నాడు.

"కనబడ్తుందా?"

"కనబడ్తుంది."

"అడ్డం తిప్పు."

"పోయింది!"

"అట్ల పోతేనే అసలు మాల్. నూటయాభై అద్దాలల్ల ఫోన్ ఎటు తిప్పినా కనబడ్తది, రోడ్డు మెరుపు గూడ కనబడ్తది. ఏది గావాల్నో నువ్వే జెప్పు. నడిపేటప్పుడు క్రికెట్ జూస్తవా ఏంది?"

ఐలేష్ తగ్గాడు. "సరే మరి, రెండొందలకు గింత మంచిదెట్ల ఇస్తున్నవ్?"

"రెండొందలా? ఎవడు జెప్పిండు? పద్దెనిమిది వందలు. సంతోషక్క గంట సేపు నా పానం తీసి డబ్బా గుంజుకపాయె."

అందరూ దివాకర్ వైపు తిరిగారు. దివాకర్ గోడ మీది కళ్ళ పరీక్ష అక్షరాలు శ్రద్ధగా చదువుతున్నాడు.

"దావత్ ఎగ్గొట్టనీకి!" ఐలేష్ తొడ చరిచాడు. "రెండు దావత్‌లు ఇయ్యాలె నువ్వు! అద్దాలకొకటి, అబద్ధానికొకటి!"

అందరూ నవ్వారు, ఒక్క కిష్టన్న తప్ప. "ఎందుకురా గంత పెట్టి కొన్నవ్?" అని మెల్లగా అడిగాడు. "సోకు జేసేటోనివి గాదు గద."

ఇక దాచి ప్రయోజనం లేదు. "పొద్దుగాల మలుపు కాడ నాకేం కనబడ్తలేదన్నా" అన్నాడు దివాకర్. "ఆనాడు బర్రెను నేను జూడనే లేదు. పిల్లకు దెబ్బ తాకింది. ఎవ్వరికీ చెప్పలే. చెప్తే బండి బంజేయమంటరని."

కిష్టన్న ఐలేష్ ముక్కు మీది అద్దాలు తీసి పెట్టుకుని గడప బయట నిలబడ్డాడు. ఎండలో మెరుస్తున్న రోడ్డు వైపు చాలాసేపు చూశాడు.

"నాకు గూడ అంతేరా" అన్నాడు లోపలికి వచ్చి. "హయత్‌నగర్ కెల్లి వస్తుంటే గదే తెలుపు. కండ్లకు పొరలొచ్చినయనుకున్న. దవాఖానకు పోతే ఏం జెప్తరో అని పోలే."

"నేనైతే బస్సు ఎనకాలనే పోతా" అన్నాడు ఐలేష్, నేల చూపులు చూస్తూ. "అది ఆగితే ఆగుతా."

దివాకర్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రోజూ ఒకే బండి దగ్గర టీ తాగే మనుషులు, ఒకే భయాన్ని విడివిడిగా జేబుల్లో పెట్టుకు తిరుగుతున్నారన్నమాట.

"నువ్వు ముందుగాల దవాఖానల చూపెట్టు" అని రత్నాకర్ కిష్టన్నకు గట్టిగా చెప్పాడు. "పొరుంటే నా అద్దాలు పనిజెయ్యవ్." కిష్టన్న ఆ వారమే వెళ్ళాడు. ఒక కంట్లో పొర ఉన్నట్టు తేలింది. ఆపరేషన్ అయ్యేదాకా బండి తమ్ముడి చేతికిచ్చి, టీ బండి దగ్గరికి మాత్రం రోజూ వచ్చేవాడు. దివాకర్ దుకాణంలోనే ఎవరి నోట్లు వాళ్ళకు తిరిగిచ్చాడు. ఐలేష్ అప్పుడే ఒక జత కొన్నాడు. ఇక తనూ దావత్ ఇవ్వాలని గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు.

దివాకర్ దావత్‌లు రెండూ ఒకే ఆదివారం జరిగాయి. సంతోషి తిడుతూనే నాటుకోడి వండింది. అద్దాలకంటే కోళ్ళకే ఎక్కువైందని తేల్చింది కానీ, కొన్నందుకు మాత్రం ఒక్క మాట అనలేదు.

సోమవారం పొద్దున ఉజ్వల మామూలుగానే అతని సీటు పట్టుకుని నిలబడింది. మలుపు ఇంకా దూరంగా ఉండగానే మొదలుపెట్టింది. "అంకుల్, బ..."

"బర్రెలు బేటా. నాలుగున్నయ్. ఎనకాల బుగ్గయ్య తాత. భుజం మీద కట్టె."

ఉజ్వల కళ్ళు చికిలించింది. "నాకు కనబడ్తలేదు!"

దివాకర్ నెమ్మదిగా ఆపాడు. తెలుపులోంచి బర్రెలు ఒక్కొక్కటే వచ్చాయి. నాలుగే. వెనకాల బుగ్గయ్య, భుజం మీద కట్టె. పిల్ల వాటినీ అతన్నీ మార్చి మార్చి చూసి, సీట్లో కూర్చుంది. మర్నాడు మళ్ళీ నిలబడింది, ఆ మర్నాడూ నిలబడింది. ప్రతిసారీ ఆమెకంటే ముందే దివాకర్ చెప్పేశాడు.

ఆ వారం చివర ఒకరోజు మలుపు దగ్గరికి వస్తుంటే చెవి దగ్గర ఏ గొంతూ వినబడలేదు. దివాకర్ పైనున్న అద్దంలోకి చూశాడు. ఉజ్వల సంచీని కౌగిలించుకుని, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. నుదుటి మీద బొప్పి జాడ కూడా లేదు.

ముందు బర్రెలు రోడ్డెక్కుతున్నాయి. దివాకర్ పొయ్యి మీది పాలగిన్నె దించినంత మెల్లగా బ్రేకు నొక్కాడు. బండి ఆగింది. పిల్ల లేవలేదు.