ఎవ్వరూ రాని వీధి

అతను బస్సు డ్రైవరు. అన్నీ రాత్రి డ్యూటీలే. భార్యకు ఏడో నెల. రాత్రిళ్ళు ఆమె ఒంటరిగా ఉండాలి కనుక, భయంలేని చోట ఇల్లు చూసుకోవాలని ఇద్దరూ బయలుదేరారు.

మొదట చూసింది మార్కెట్ వెనక సందు. గుమ్మం ఎక్కకముందే ముగ్గురు ఆడవాళ్ళు చుట్టూ చేరారు.

"ఎన్నో నెలమ్మా? పాత ఇల్లెందుకు ఖాళీ చేస్తున్నారు? మీ ఆయన డ్యూటీకి ఎన్నింటికెళ్తాడు?"

ఆమె ముక్తసరిగా జవాబిచ్చి భర్త చొక్కా పట్టి లాగింది.

"వాళ్ళ చూపులే నాకు నచ్చలేదండీ. మీరు ఇంట్లో లేని వేళ వాళ్ళకెందుకు?"

అతనికీ అనుమానం తగులుకుంది.

రెండోది గేటున్న కాలనీ. కాపలా మనిషి, కెమెరాలు, అద్దంలాంటి రోడ్డు. బయట ఒక్క తల కూడా కనిపించలేదు.

"ఇక్కడ ఎవరి గొడవ వాళ్ళదే. పక్కింటావిడ పేరు కూడా నాకు తెలీదు" అన్నాడు ఇంటి యజమాని, గర్వంగా. ఆమె ముఖం విప్పారింది.

వంటగది చూస్తుండగా గోడ అవతల ఏదో చప్పుడు. ఆగింది. మళ్ళీ వచ్చింది, నీరసంగా.

"ఏంటండీ అది?"

"పొద్దుట్నించీ అంతే. మేకులు కొట్టుకుంటున్నారేమో. మనకెందుకమ్మా?"

ఆమె గోడకు చెవి ఆనించింది. చప్పుడు వెనక మూలుగు. గబగబా వెళ్ళి పక్కింటి తలుపు బాదింది. ఎదురింటి కిటికీల్లో తెరలు కదిలాయి. తలుపులు మాత్రం తెరుచుకోలేదు.

"దొంగలనుకుంటారయ్యా! మీ ఆవిణ్ణి వెనక్కి పిలువు" అని కేకవేశాడు యజమాని.

డ్రైవరు తలుపు తోశాడు. గడియ వేసి లేదు. స్నానాలగదిలో ఒక ముసలావిడ కదల్లేక పడి ఉంది. చెంబుతో గోడను కొడుతోంది. ఒకప్పుడు బడిపంతులమ్మ, ఇప్పుడు ఒంటరి. పొద్దున పాలు తీసుకుని లోపలికెళ్ళి జారిపడిందట. అప్పటికి మధ్యాహ్నం దాటింది.

అంబులెన్సు వచ్చేదాకా డ్రైవరు భార్య ముసలావిడ చెయ్యి వదల్లేదు.

"వట్టిమనిషివి కాదు, కింద కూర్చోకమ్మా" అంది పంతులమ్మ, అంత నొప్పిలోనూ. మళ్ళీ తనే అంది: "మా కాలనీలోకి దొంగలు రారు. నిజమే. ఎవ్వరూ రారు."

యజమాని వాకిట్లోనే నిలబడి గొణిగాడు. "ఇలా అందరిళ్ళలోకీ దూరేవాళ్ళకు ఇల్లివ్వడం కుదరదు."

"ఇవ్వకండి" అంది ఆమె.

సాయంత్రానికల్లా మార్కెట్ సందులో ఇంటికి మాటిచ్చారు. అక్కడివాళ్ళంతా బంగారమని ఆమె అనుకోలేదు. అనుమానం ఇంకా కొంచెం మిగిలే ఉంది. అయినా ఒక్కటి ఆమెకు అర్థమైంది, మనకూ అర్థం కావాలి: మనుషులకు జడిసి కట్టుకున్న గోడలు, ఆపద వచ్చిన రోజున ఆ మనుషుల్నే లోపలికి రానివ్వవు.