నీళ్లకు వీపు తిప్పిన మనిషి

పూలు తేవడం మరిచిపోయానే అనుకుని కొంగు ముడి తడుముకుంది మక్సూదా, తడుముకున్నాక గానీ గుర్తు రాలేదు ఇవాళ పోయినవాళ్లను తలుచుకునే సబ్బరాత్ కాదని, ఇవాళ వచ్చింది సమాధి మీద పూలు చల్లడానికి కాదు, సభకు, షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మైకు తన దాకా ఎప్పుడొస్తుందా అని చూడటానికి, అయినా ఈ నీళ్లు కంటపడితే చాలు చేయి దానంతటదే గులాబీ రేకుల కోసం వెతుకుతుంది, ఏళ్ల అలవాటు మరి, సభ అని, ప్రజాభిప్రాయ సేకరణ అని చేతికేం తెలుసు, నీళ్లు మాత్రం ఎంత బాగున్నాయి, పాడు నీళ్లు, బొగ్గంతా తవ్వుకుని కంపెనీ వదిలేసిన పెద్ద బొంద, వానలు పడీ పడీ చెరువులా నిండింది, ఎండకు పచ్చగా మెరుస్తోంది, దీని అడుగున ఒక ఊరుందంటే కొత్తవాళ్లెవరు నమ్ముతారు, తుమ్మలొద్ది అనే ఊరు, ఊరి చివర చిన్న మసీదు, మసీదు వెనక ఖబ్రస్తాన్, ఖబ్రస్తాన్ మూలకు సీతాఫలం చెట్టు, చెట్టు కింద ఖైజర్, మూడేళ్ల ఖైజర్, జ్వరంలో కూడా బెల్లం కావాలని మారాం చేసిన ఖైజర్.

ఇప్పుడు ఆ నీళ్ల మీద సోలార్ పలకలు పరుస్తారట, నీళ్ల మీద తేలుతాయట, ఒడ్డున కట్టిన పెద్ద బొమ్మలో చూపించారు, నీలం రంగు పలకలు వరుసగా, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా, నీటి చుక్క కనబడకుండా, కరెంటు వస్తుంది, పొగ ఉండదు, మంచిదే, ఎవరు కాదన్నారు, బొగ్గు పొగ తిని బతికిన వాళ్లకు పొగలేని కరెంటు చేదా, కానీ వాడి మీద మూత పెడతారా, పూలు ఎక్కడ చల్లాలి మరి, ఆ పలకల మీదనా, అవి జారి ఏ ఇనుప కమ్మీలో ఇరుక్కుంటాయో, ఆ మాటే చెప్పాలి ఇవాళ, సార్, నా కొడుకు ఆ నీళ్ల కిందున్నడు, ఆ మూలకు కొంచెం జాగ వదిలిపెట్టుండ్రి, ఇంతే, పొద్దున్నుంచి పొయ్యి ముందు నిలబడి అనుకుంది, ఆటోలో అనుకుంది, ఇంతకన్నా ఒక్క మాట ఎక్కువ అడగనని, గొంతు వణికితే కూతురు జూహీ నవ్వుతుందేమో అనుకుంది, జూహీ ఎక్కడుంది ఇక్కడ, మంచిర్యాలలో దాని అత్తగారింట్లో ఉంది.

పక్కన ఈయన, రిటైరయిన డంపర్ డ్రైవర్ మహమూద్, కుర్చీ అడ్డంగా తిప్పుకుని కూర్చున్నాడు, చూడు, ఇక్కడ కూడా నీళ్లకు వీపే, జనమంతా ఒకవైపు చూస్తుంటే ఈ ఒక్క మనిషి ఎదుటి మట్టి గుట్ట వైపు చూస్తాడు, ఏముంది ఆ గుట్టలో, గని తవ్విన మట్టీ రాయీ కుప్ప పోసింది, ఇప్పుడు చెట్లు మొలిచి అడవిలా ఉంది, ప్రతి సబ్బరాత్‌కూ ఇదే తంతు, సాయంత్రం అసర్ నమాజు అయ్యాక ఇద్దరూ ఈ ఒడ్డుకు వస్తారు, ఆమె నీళ్లలో పూలు చల్లుతుంది, అగరొత్తులు గుచ్చుతుంది, ఆయన మాత్రం ఆమెకు వీపు, నీళ్లకు వీపు, గుట్ట వైపు తిరిగి చేతులెత్తి ఫాతెహా చదువుతాడు, మొదటి ఏడు ఏడుస్తున్నాడేమో, మొహం చూపించలేకపోతున్నాడేమో అనుకుంది, తర్వాత ఏడు కోపం వచ్చింది, ఆ తర్వాత కోపం కూడా పాతబడి ఇనుము మీద తుప్పులా అట్లా ఉండిపోయింది, కన్నకొడుకు పడుకున్న దిక్కు చూడలేని తండ్రి ఒక తండ్రేనా, అడిగింది ఒకసారి, గటు తిరిగి చదివితే వాడికి ముడుతదా అని, ముడుతది అన్నాడు, అంతే, ఇంకో మాట లేదు, రాయి మనిషి, రాయితోనే పనిచేసి రాయి అయిపోయాడు అని చెల్లెలి దగ్గర చెప్పుకుని ఏడ్చింది.

నక్కో మక్సూదా, అంటున్నాడు ఇప్పుడు చెవి దగ్గర, నలుగురిలో ఉన్నప్పుడు తెలుగే మాట్లాడతాడు గానీ ఫికరు ఎక్కువైతే ఉర్దూ వచ్చేస్తుంది, నక్కో, ఇంటికి పోదాం పా, నువ్వు మైకు పట్టుకోకు, ఎందుకు పట్టుకోవద్దు అని అడిగింది ఆమె, అందరూ మాట్లాడుతున్నరు, నేను మాట్లాడితే ఏందంట, నీకు సిగ్గయితే నువ్వు పో, సిగ్గు కాదే, మరేంది, ఏం లేదు అన్నాడు, మళ్లీ గుట్ట వైపు తిరిగాడు, ఎప్పుడూ ఏం లేదనే, ఏం లేదన్న మాటతో ఒక మనిషి ఎన్నేళ్లు కాపురం చేస్తాడు, జూహీ కె అబ్బా, నువ్వు ఊకుండు, అంది ఆమె, అన్నాక ఎప్పటిలాగే గుర్తొచ్చింది, మొదట ఆయన్ను పిలిచింది ఆ పేరుతో కాదు గదా, మొగుడి పేరు పెట్టి పిలవడం వాళ్లిళ్లలో లేదు, బిడ్డ పేరు కలిపి పిలుస్తారు, ఖైజర్ కె అబ్బా అని మూడేళ్లు పిలిచింది, వాడిని మట్టిలో పెట్టొచ్చిన సాయంత్రం టీ ఇస్తూ నోరు తెరిచింది, ఆ పిలుపు రాలేదు, ఆ తర్వాత జూహీ పుట్టేదాకా ఆయన్ను ఎట్లా పిలవాలో తెలియక గ్లాసు చప్పుడు చేసి పిలిచేది.

వెనక కుర్చీలోంచి సదయ్య, ఈయన డ్యూటీ దోస్తు, భుజం తట్టి నవ్వుతున్నాడు, ఏం మహమూదన్నా, ఈ సభ నీ డంపర్ కన్న మెల్లగ నడుస్తున్నదే, చుట్టూ నలుగురు నవ్వారు, కాలనీలో అందరికీ తెలిసిన ముచ్చట అది, పెళ్లిళ్లలో బగారా అన్నం తింటూ చెప్పుకునేది, గనిలో అందరికన్నా జోరుగా బండి తోలే మహమూద్ ఒక దినం పొద్దంతా డంపర్‌ను నడిచే మనిషి కన్నా మెల్లగా నడిపాడట, వెనక బండ్లన్నీ ఆగిపోయి హారన్లు కొట్టాయట, ఫోర్‌మన్ అడ్డం వచ్చి తిట్టినా వినలేదట, మెమో ఇచ్చారట, ఇజ్జత్ తీశావు గదయ్యా అని ఆమె కూడా అప్పట్లో కసిరింది, ఎందుకట్ల నడిపినవ్ అంటే బ్రేకు మంచిగ లేకుండె అన్నాడు, సదయ్య ఈ ముచ్చట ఎప్పుడు చెప్పినా అందరూ నవ్వుతారు, ఈయన కూడా పెదవి చివర కొంచెం నవ్వుతాడు, ఇవాళ మాత్రం నవ్వలేదు.

మైకులో కంపెనీ తరఫున వచ్చిన ఇంజినీరమ్మ, సంధ్యారాణి అట పేరు, పర్యావరణం సంగతి చూసేది ఆమేనట, జూహీ ఈడు పిల్ల, ఓపికగా చెబుతోంది, చేపలకు ఇబ్బంది లేదు, వలస వచ్చే పక్షులకు జాగ వదులుతున్నాం, ఎండకు నీళ్లు ఆవిరి కావడం తగ్గుతుంది, చేపలను అడిగారు, పక్షులను అడిగారు, నీళ్లను కూడా అడిగారు, మంచిదే బిడ్డా అనుకుంది మక్సూదా, నీ దాంట్లో మా వాడి ముచ్చట లేదు, నీ తప్పు కాదు, నీకెవరు చెప్పారు గనక, నేను చెప్తా ఆగు, అంతలో పోశం కాక లేచాడు, తుమ్మలొద్ది మనిషే, తమ పక్కింటి వాడే, ఇప్పుడు ఈ నీళ్లలో చేపలు పట్టుకుంటాడు, మైకు రెండు చేతులా పట్టుకుని గట్టిగా అన్నాడు, చేపల సంగతి తర్వాత మేడం, మా ఊరు ఈ నీళ్ల కిందున్నది, మా ఇండ్లు, మా పోచమ్మ గుడి, మా పెద్దోళ్ల బొందలు, మా ఊరి మీద పలకలు పరుస్తరా మీరు, ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు, మక్సూదా గుండె ఎగిరింది, నా మాటే చెప్పాడు కాక, నా కొడుకు మాటే చెప్పాడు, కొట్టింది తను కూడా, అరచేతులు మండేలా, పక్కన ఈయన చేతులు మోకాళ్ల మీద అట్లాగే ఉన్నాయి.

పెద్దయ్యా, అంది ఆ పిల్ల, గొంతు తగ్గించి, మీ బాధ నాకు అర్థమైతుంది, కానీ ఆ నీళ్ల కింద ఊరు లేదండి, ఓపెన్‌కాస్ట్ గని పైనుంచి తవ్వుకుంటూ పోయేది, మొదట పైమట్టి తీస్తరు, తర్వాత రాయి, దాని కింద బొగ్గు, మీ ఊరి మట్టి అంతా మొట్టమొదటనే తీసి ఆ ఎదురుగ ఉన్న గుట్టకు చేర్చిన్రు, మంచి మట్టి కాబట్టి పైన పరిచి చెట్లు పెట్టిన్రు, నీళ్ల అడుగున ఉన్నది ఉత్త బండ, మగవాళ్లు తలలు దించుకున్నారు, గనిలో పనిచేసిన మగవాళ్లందరూ, సదయ్య కూడా, పోశం కాక మైకు పక్కకు పెట్టి మెల్లగా అన్నాడు, తెల్వదా బిడ్డా, అందరికి ఎరుకే, గట్ల అనుకుంటె జర పానానికి మంచిగుంటదని అనుకుంటున్నం, అంతే.

అందరికీ ఎరుకే, ఆమెకు తప్ప, ఆమెకు మాత్రం ఎరుక లేదా, గని మనిషి పెళ్లాం, మట్టి తవ్వి ఎత్తే షవెల్ అంటే ఏందో తెలుసు, డంపర్ అంటే ఏందో తెలుసు, ఆ డంపర్ తెచ్చిన జీతంతోనే బతికింది, మరి ఆ డంపర్ మొదట ఏం మోసిందని ఒక్కనాడైనా అడిగిందా, ఊరు అట్లాగే కూర్చున్నట్టు, నీళ్లు వచ్చి దాన్ని మెల్లగా కప్పినట్టు, సీతాఫలం చెట్టు కింద వాడు అట్లాగే పక్కకు తిరిగి నిద్రపోతున్నట్టు కళ్లలో నిలుపుకుంది, ఊరు ఖాళీ చేసేటప్పుడు మౌల్వీ సాబ్ కదిలించొద్దన్నారు, పడుకున్న వాళ్లను కదిలించొద్దన్నారు, అందుకని కదిలించలేదు అనుకుంది, అయ్యో, ఎన్ని పూలు ఉత్త బండ మీద చల్లింది, ఎన్నిసార్లు నీళ్లను ముద్దు పెట్టుకుంది, ఎవరూ లేని చోట నిలబడి బాబూ చలి పెడుతుందా అని అడిగింది, కుర్చీ చేయి గట్టిగా పట్టుకుంది, పక్కకు చూడాలంటే భయం, పక్కన కూర్చున్న మనిషిని చూడాలంటే, ఈయనకూ తెలుసు, ఈయనకు ముందే తెలుసు, అందరికన్నా ముందు తెలుసు, అబద్ధం చెప్పాడా ఇన్నేళ్లూ, లేదు, ఎప్పుడు చెప్పాడు, నీళ్ల కిందున్నాడని ఏనాడూ అనలేదు, గటు తిరిగి చదివితే ముడుతదా అంటే ముడుతది అన్నాడు.

అమ్మా మీరు, అంటున్నారు ఎవరో, మైకు చేతిలో పెట్టారు, చల్లగా బరువుగా ఉంది, పేరు, ఊరు చెప్పి మాట్లాడండి, పేరు మక్సూదా, ఊరు, ఊరు అని ఆగింది, ఊరు ఎటు చూపించాలి, చేయి నీళ్ల వైపు లేవబోయి ఆగింది, తుమ్మలొద్ది సార్ అంది, ఎర్రమట్టి, ఎందుకు గుర్తొస్తోంది ఇప్పుడు ఎర్రమట్టి, రోజూ నల్లగా వచ్చే ఖాకీ చొక్కా ఒక దినం ఎర్రగా వచ్చింది, మొదటి షిఫ్టు దిగి వచ్చి అన్నం ముట్టలేదు, చొక్కా ఉతకకు అన్నాడు, అట్లనే ఉంచు అన్నాడు, ఏమైంది నీకు, బొగ్గయితే పోతది గాని ఈ మట్టి మరక పడితే పోతదా అని గుంజుకుని సబ్బు పెట్టి బండ కేసి ఉతికింది, ఎర్రటి నీళ్లు మోరీలోకి పోతుంటే గడప మీద కూర్చుని చూశాడు, లేచి ఆపలేదు, చూస్తూ కూర్చున్నాడు, రిటైరయ్యాక ప్రతి జుమ్మా నమాజు తర్వాత ఎటో పోయి పొద్దుగూకి వస్తాడు, పత్తాలు ఆడుతున్నాడనుకుంది, చలికాలం రాగానే సంచిలో సీతాఫలాలు తెస్తాడు, ఏడివి ఇవి అంటే గుట్ట మీదివి అంటాడు, తను ఒక్కటీ తినడు, గల్లీ పిల్లలకు పంచుతాడు, అమ్మా, చెప్పండి, మీ అభిప్రాయం చెప్పండి, అంటున్నారు, నీళ్ల మీద మీరేమన్న పెట్టుకోండ్రి సార్ అంది మక్సూదా, నీళ్లల్ల మాదేం లేదు, ఆ గుట్టను మాత్రం ముట్టకుండ్రి, దాన్ని మళ్ల తవ్వకుండ్రి, సార్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, గుట్ట ఈ ప్రాజెక్టులో లేదమ్మా అన్నారు, అయినా రాయండ్రి అంది, ఆ పిల్ల సంధ్యారాణి ఏమనుకుందో ఏమో, తల ఊపి రాసుకుంది.

మైకు ఇచ్చేసి కూర్చుంది, కుర్చీని కాళ్లతో జరిపి ఆయన లాగే అడ్డంగా తిప్పుకుంది, ఇప్పుడు ఇద్దరి వీపులూ నీళ్లకు, ఎదురుగా గుట్ట, చెట్లు గాలికి కదులుతున్నాయి, ఇక్కడి నుంచి చూస్తే సీతాఫలం చెట్టు ఏదో తెలియదు, ఆయనకు తెలుసు, ఆయన చేయి మోకాలి మీదే ఉంది, స్టీరింగ్ పట్టీ పట్టీ కాయలు కాసిన చేయి, పట్టుకుంది, ఖైజర్ కె అబ్బా, అంది, ఇన్నేళ్లకు ఆ పిలుపు గొంతు దాటింది, ఆయన తల తిప్పలేదు, కళ్లు మాత్రం కారుతున్నాయి, తుడుచుకోలేదు, ఖబ్రస్తాన్ తవ్విన ఆ దినం నాగా పెట్టొచ్చు గదా నువ్వు, ఒంట్లో మంచిగ లేదని ఇంట్లుండొచ్చు గదా అని అడగబోయింది, అడగలేదు, ఆయన పోకపోతే ఇంకెవరో ఎత్తుకొచ్చేవాళ్లు వాడిని, తెలియనివాళ్లు, పాటలు పాడుకుంటూ, గుంతల్లో ఎగరేసుకుంటూ, అందుకే పోయాడు, బ్రేకులు మంచిగానే ఉన్నాయి ఆ బండికి, వెనక హారన్లు కొడుతుంటే, ఫోర్‌మన్ తిడుతుంటే, కాలనీ అంతా నవ్వుతుంటే, ఇంట్లో తను కూడా కసురుతుంటే ఒక్క మాట మాట్లాడలేదు, ఏ లోడులో వాడున్నాడో తెలియక, ఆ రోజు అన్ని లోడులనూ మెల్లగా నడిపాడు.